హోస్ లేన్‌లో నఖాబులు

శుక్రవారం మధ్యాహ్నం మా పిస్కాటవేలో హోస్ లేన్ మీదుగా వెళ్ళాలంటే కాస్త ఓపిక ఉండాలి. ముస్లిం సెంటర్ ఆఫ్ మిడిల్‌సెక్స్ కౌంటీ ఉన్నది ఆ రోడ్డు మీదే. నమాజుకి వచ్చే ఆడవాళ్ళని చూస్తే, మన ఊళ్ళో "బురఖా" అన్న ఒక్క మాటతో సరిపెట్టేసినవి ఎన్ని రకాలో తెలుస్తుంది. జుట్టు, మెడ కప్పి ముఖం వదిలేది హిజాబ్. వదులుగా వేసుకునే పొడుగు అంగీ అబాయా. కళ్ళు మాత్రమే కనిపించేది నఖాబు. ఇక్కడ హిజాబులే ఎక్కువ. కళ్ళ ముందు కూడా జాలీ ఉండే అఫ్ఘాన్ బురఖా నాకెప్పుడూ కనబడలేదు.

పరదా వాళ్ళ సంగతి, మనకెందుకు అనడానికీ లేదండీ. మా విశాఖలో ఘోషాసుపత్రి తెలియనివాళ్ళు ఉండరు. ఆ పేరు పరదాలో ఉండే స్త్రీల వల్ల వచ్చిందే. మన జమీందారీ ఇళ్ళలో హిందూ స్త్రీలకీ ఘోషా ఉండేది.

మా అపార్ట్‌మెంట్లలో నఖాబు వేసుకునే కడప అమ్మాయి ఒకతి ఉంది. జాన్సన్ పార్కులో ఆ నల్లగుడ్డ వెనకనుంచి "బాగుండారా అక్కా" అని వినబడితే ప్రాణం లేచొస్తుంది. చాలామంది తల్లులు మాత్రం ఆమె కూర్చున్న బెంచీ దాకా రారు.

"నేనే ఇష్టపడి వేసుకుంటి అక్కా. మా ఆయన వద్దనే చెప్పినాడు, అందరూ చూస్తారని," అంది. కడపలో వాళ్ళమ్మ బురఖా వేసుకున్నా ముఖం కప్పుకోదట. భర్తలే బలవంతంగా వేయిస్తారనుకునే వాళ్ళకి ఈ మాట చెబితే నమ్మరు. అలాగని బలవంతాలు లేవనీ అనను.

ఫిజిక్సు చదివిన బుద్ధి కదా, నలుపుకి వేడెక్కదా అని అడిగాను. 1980లో నేచర్ పత్రికలో బెడూయిన్ల నల్ల అంగీల మీద పరిశోధన వచ్చింది. నలుపు ఎక్కువ వేడి పీల్చుకున్నా, అంగీ వదులుగా ఉంటే ఆ అదనపు వేడి చర్మాన్ని చేరకముందే గాలికి పోతుంది; తెల్లదైనా నల్లదైనా ఒంటికి చేరేది ఒకటే. అంతా విని, "మూతి మీద గుడ్డకి ఆ లెక్క పనికిరాదులే అక్కా, జూలైలో ఉక్కపోస్తాది," అని నవ్వింది.

ఫ్రాన్సులో 2011 ఏప్రిల్ నుంచి ముఖం కప్పుకుని వీధిలోకి రావడం నేరం. ఇక్కడ అలాంటి చట్టం లేదు. పాస్‌పోర్టు ఫొటోకి ముఖం చూపిస్తే చాలు. కానీ ఆ అమ్మాయికి చిక్కు చట్టంతో కాదు. సెప్టెంబరులో కూతురు కిండర్‌గార్టెన్‌లో చేరుతోంది. "స్కూలుకి అది వేసుకుని రావద్దు మమ్మీ" అందట ఆ చంటిది. పోయిన వారం మూడుసార్లు ఈ మాటే చెప్పింది. ఇంకా తేల్చుకోలేదు.