రెండు నుంచి ఏడు

అక్టోబర్ 5, 2024, శనివారం. పిట్స్‌బర్గ్

రైఫిల్‌తో జింకల వేట నవంబర్ 30న మొదలు. పెన్సిల్వేనియాలో 2018 దాకా థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం మొదలయ్యేది, మరుసటి ఏడాది నుంచి శనివారానికి జరిపారు. అయినా ఊళ్లవైపు చాలా బళ్లకి ఆ సోమవారం ఇప్పటికీ సెలవే.

ఈసారి నా మార్లిన్ రైఫిల్‌కి స్కోపు బిగించక తప్పదు. నలభై ఏడొచ్చాయి. రైఫిల్ మీదుండే ఇనప సైట్లతో గురి పెట్టాలంటే వెనక గాడి, ముందు పూస, అవతల జింక, మూడూ ఒకేసారి ఆనాలి. గాడి చూస్తే జింక మసక, జింకని చూస్తే గాడి మసక. స్కోపులో ఆ గొడవ లేదు. గీతలూ జింకా ఒకే తలంలో కనిపిస్తాయి. నిజానికి నాకు కావలసింది ఇదే. దగ్గరగా చూపించడం దాని రెండో పని.

పక్కింటి పెద్దాయన మాత్రం ఎప్పట్లాగే "పెద్దది కొను" అంటాడు. ఉక్కు మిల్లులో చేసి రిటైరైన మనిషి. ఆయన .30-06 రైఫిల్ మీద 3-9×50 స్కోపు ఉంటుంది, అంటే మూడు నుంచి తొమ్మిది దాకా పవరు. దాని 50 మిల్లీమీటర్ల ముందు అద్దం కాఫీ కప్పు మూతంత.

అక్టోబర్ 12, శనివారం. విజయదశమి

పొద్దున్నే పెన్ హిల్స్ గుడికి వెళ్లొచ్చాం. పార్కింగ్ దొరకడానికి అరగంట. ఇంటికొచ్చాక ఆయుధపూజ: కారు, మిక్సీ, నా లాప్‌టాప్, ఆఖర్న రైఫిల్. "దీనికెక్కడ పెట్టనండీ బొట్టు?" అంది మా ఆవిడ. కర్ర మీద పెట్టమన్నాను. స్కోపు వచ్చాక దాని అద్దాల దరిదాపులకి కుంకుమ రాకూడదని ఇప్పుడే చెప్పేశాను. సన్నటి పొడి, వేలితో తుడిస్తే అద్దం మీది పూత మీద గీతలు పడతాయి.

మార్కాపురం నుంచి అమ్మ ఫోను. "అక్కడ జింకల్ని చంపొచ్చట్రా?" అని ప్రతి ఏడూ అడుగుతుంది. అక్కడ 1972 చట్టం ప్రకారం వేట నేరం, ఇక్కడ గేమ్ కమిషన్ లెక్కేసి లైసెన్సులిస్తుందని నేనూ ప్రతి ఏడూ చెబుతాను. "నల్లమల పక్కన పుట్టి అంత దూరం పోయి వేటాడుతున్నావా" అని నవ్వింది. "కార్తీకమాసంలో మాత్రం వద్దు నాయనా" అంది చివర్న.

పంచాంగం చూశాను. నవంబర్ 30 కార్తీక అమావాస్య. మాసంలో ఆఖరి రోజు. ఆ రోజు ఇంట్లోకి మాంసం రానివ్వరు, అది తేలిపోయింది. నాకు పనికొచ్చే సంగతి మరోటుంది: ఆ తెల్లవారుజామున వెన్నెల చుక్క కూడా ఉండదు.

అక్టోబర్ 20, ఆదివారం

ట్యూబ్‌లైట్ల కింద ఏ స్కోపైనా బాగానే ఉంటుంది. అందుకే షాపుకి కావాలని సాయంత్రం వెళ్లాను. ఆరున్నరకి పొద్దు కుంకుతుంది. షాపాయన మంచివాడు, మూడు స్కోపులు చేతికిచ్చి వెనక పార్కింగులోకి తీసుకెళ్లాడు. అవతలి అంచున మేపుల్ చెట్ల వరస, వాటి కింద పొదలు.

చీకటి పడేకొద్దీ మూడింటినీ ఒకదాని తర్వాత ఒకటి కంటికి పెట్టాను. ఒకటి 3-9×50. రెండోది ఏ పవరూ మార్చనక్కర్లేని 4×32. మూడోది ల్యూపోల్డ్ 2-7×33. అన్నిటినీ నాలుగు మీద పెట్టి చూస్తే పొదల్లో కొమ్మలు లెక్కపెట్టడంలో నాకు తేడా కనబడలేదు. కనబడకపోవడానికి కారణముంది. ముందు అద్దం వ్యాసాన్ని పవరుతో భాగిస్తే కంటికి చేరే వెలుగు కట్ట ఎంత లావో తెలుస్తుంది. 33ని 4తో భాగిస్తే ఎనిమిది మిల్లీమీటర్ల పైచిలుకు. కుర్రవాళ్ల కంటిపాప చీకట్లో ఏడు దాకా తెరుచుకుంటుంది, నా వయసుకి అంత కూడా రాదు. 50 అద్దం పన్నెండున్నర మిల్లీమీటర్ల కట్ట పంపుతుంది. పంపి ఏం లాభం, పట్టే కన్ను లేదే. ఆ పెద్ద అద్దం తొమ్మిది మీద పెట్టినప్పుడు అక్కరకొస్తుంది. చీకటి అడవిలో తొమ్మిది మీద పెట్టేదెవరు?

దాన్నెత్తి రైఫిల్ మీద పెట్టాలంటే ఎత్తు రింగులు కావాలి. మార్లిన్ 336 కర్ర ఇనప సైట్లకి సరిపడేలా కిందికుంటుంది. స్కోపు పైకెక్కితే చెంప కర్ర మీద ఆనదు, తల గాల్లో తేలుతుంది. తల ఎక్కడుండాలో తెలియని మనిషికి జింక ఎక్కడుందో తెలిసేదెప్పుడు?

చిన్న స్కోపులు చూసేటప్పుడు ఒకటి గమనించాలి. అదే సైజులో, అదే 2-7 అంకెలతో .22 రిమ్‌ఫైర్ రైఫిళ్లకని చేసినవి పక్కనే పెట్టి అమ్ముతారు. వాటి పారలాక్స్‌ని 50, 60 గజాలకి సరిచేసి ఉంచుతారు. పెద్ద తూటా రైఫిళ్లవి 100కో 150కో ఉంటాయి. పారలాక్స్ తేడా ఉంటే కన్ను పక్కకి జరిగినప్పుడు గీత లక్ష్యం మీద కదిలినట్టుంటుంది. నేను కాల్చే దూరాలకి అది పెద్ద నష్టం కాదు. కానీ చవకరకం రిమ్‌ఫైర్ స్కోపుల్లో కంటికీ అద్దానికీ ఎడం తక్కువుంటుంది. నా .30-30 మార్లిన్ వెనక్కి తన్నితే కనుబొమ మీద నెలవంక పడుతుంది. నాకు కనీసం మూడున్నర అంగుళాల ఎడం కావాలి.

చీకటి బాగా ముదిరాక 4×32, 2-7 మధ్యే ఆగాను. 4×లో కదిలే భాగాలు తక్కువ, చెడేదీ తక్కువే, ధరా తక్కువే. మనసు అటే లాగింది. అయితే 100 గజాల దగ్గర 4×లో కనిపించే వెడల్పు 24 అడుగుల చిల్లర, రెండు మీద పెట్టిన 2-7లో 44 అడుగుల దాకా. హెమ్లాక్ చెట్ల మధ్య జింక మూడు సెకన్లు నిలబడుతుంది. ఆ మూడు సెకన్లలో స్కోపులో జింకని వెతుక్కోకూడదు, అది అందులో ఉండాలి. 2-7 తీసుకున్నాను. పదకొండు ఔన్సులు, అంటే మూడొందల గ్రాముల పైన కొంచెం.

అందరూ రెండో అంకె చూసి కొంటారు. వేటలో డబ్బు పెట్టాల్సింది మొదటి అంకె మీద.

నవంబర్ 3, ఆదివారం

రాత్రి గడియారం గంట వెనక్కి వెళ్లింది. కలిసొచ్చిన గంట గరాజ్‌లో బిగింపుకి సరిపోయింది.

కాల్చాక మిగిలే ఖాళీ తూటా గొట్టాన్ని మార్లిన్ పక్కనుంచి విసురుతుంది, కాబట్టి నెత్తిన స్కోపు పెట్టొచ్చు. పాత వించెస్టర్ 94లు పైకి విసిరేవి, వాటికి స్కోపు పెట్టడం తలనొప్పే. చిక్కల్లా మార్లిన్ సుత్తితో. స్కోపు కిందికుంటే బొటనవేలికి సుత్తి అందదు. పక్కకి పొడుచుకొచ్చే చిన్న ఇనప ముక్క దొరుకుతుంది, దాన్ని సుత్తికి తగిలించి స్క్రూ బిగించాలి. వేలెడంత కూడా లేని ఆ ముక్క లేకపోతే చలికి మొద్దుబారిన వేలు జారి, సుత్తి చప్పుడుకి జింక పోతుంది.

రింగులు వదులుగా పెట్టి, వేటకి వేసుకునే దళసరి కోటు తొడుక్కున్నాను. కళ్లు మూసుకుని చెంప ఆనించి, కళ్లు తెరిచాను. నిండు వృత్తం కనిపించేదాకా స్కోపుని ముందుకీ వెనక్కీ జరిపాను. ఇదంతా ఏడు మీదే పెట్టి చేయాలి, కన్ను నిలిచే చోటు అక్కడే ఇరుకు. నిలువు గీత సరిచూడ్డానికి దారానికి నట్టు కట్టి గోడకి వేలాడదీశాను. మా ఆవిడ తొంగి చూసి, "ఇల్లు కడుతున్నారా?" అని వెళ్లిపోయింది.

నవంబర్ 9, శనివారం

రేంజ్. 25 గజాల దగ్గర మొదలు. తూటా రెండంగుళాలు ఎడమకి. స్కోపు క్లిక్కు 100 గజాలకి పావు అంగుళం, 25కి అందులో నాలుగో వంతు. ముప్ఫై రెండు క్లిక్కులు కుడికి. తర్వాత 100 గజాలకి వెళ్లి, రెండంగుళాలు పైకి తగిలేలా ఉంచేశాను. ఇక నూట యాభై దాకా గీతని భుజం వెనక పెట్టి నొక్కడమే, బుర్రలో లెక్కలక్కర్లేదు. అంతకు మించి కాల్చను. .30-30 తూటా 1895 నాటిది, ఆ దూరం దాటితే బాగా వాలిపోతుంది.

పెద్దాయన కూడా వచ్చాడు. నా స్కోపులోంచి చూసి, "ఇది చిన్నపిల్లల ఆట సామాను" అన్నాడు. కానీ ఆయన మాట ఆయనకి న్యాయమే. ఆయన కూర్చునేది కరెంటు స్తంభాల కోసం అడవి నరికిన దారి అంచున, ఎదురుగా మూడొందల గజాల మైదానం. అక్కడ నా 2-7 చేతకానిదే.

నవంబర్ 24, ఆదివారం

ఆఫీసులో హెచ్1బీ కుర్రాడు తనూ వస్తానంటున్నాడు. ఇమిగ్రెంటు కాని వీసా మీదున్నవాళ్లు తుపాకీ పట్టడమే ఫెడరల్ నేరం, చెల్లుబాటయ్యే వేట లైసెన్సుంటే మినహాయింపు. ముందు వేట శిక్షణ క్లాసుకి వెళ్లి లైసెన్సు తెచ్చుకోమన్నాను. "యూట్యూబ్‌లో చూశానన్నా" అన్నాడు!

నవంబర్ 30, శనివారం. మారియన్‌విల్ దగ్గర

నిన్న ఈరీ వైపు సరస్సు మంచు కుమ్మరించింది, ఐ-90 మూసేశారు. మేం 79, 80 మీదుగా వచ్చి 66 పట్టుకుని బయటపడ్డాం. అలెగెనీ అడవిలోనూ మంచు.

రైఫిల్‌ని రాత్రి గదిలోకి తేలేదు. చలిలోంచి వెచ్చటి గదిలోకి తెస్తే అద్దాల మీద ఆవిరి పడుతుంది. స్కోపు లోపల నైట్రోజన్ నింపుతారు కాబట్టి లోపల పట్టదు. మార్కస్ ల్యూపోల్డ్ అనే ఆయన జింక మీద గురి పెట్టినప్పుడు స్కోపు లోపల ఆవిరి పట్టి జింక పోయిందట, ఆ కోపంతో 1947లో సొంతంగా చేశాడట. బయటి అద్దం సంగతి మాత్రం మనదే. ముక్కుతో వదిలే ఊపిరి కంటద్దం మీద పడకుండా పక్కకి వదలాలి.

సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చొచ్చు, అంటే 6.50 ప్రాంతం. అమావాస్య, మబ్బు, మంచు. ఆరున్నరకే స్కోపులో చెట్ల మొదళ్లు విడివిడిగా కనిపించాయి. ముందుటద్దం మీద మంచు రేకు పడితే రబ్బరు మూత వేశాను.

ఏడున్నరకి లారెల్ పొదల్లోంచి ఒక మగది. నలభై గజాలు. తల తిప్పకుండా మెడలోని బైనాక్యులర్ ఎత్తాను. ఈ ప్రాంతంలో ఒక కొమ్ముకి కనీసం మూడు మొనలుండాలి. వాటిని స్కోపుతో లెక్కపెట్టేవాళ్లని చూశాను, నాకు ఒళ్లు మండుతుంది. లెక్క తేలేదాకా రైఫిల్ ఎటు చూస్తున్నట్టు? అవతల నారింజ కోటు మనిషుంటే? ఎడమ కొమ్ముకి రెండు, కుడికీ రెండే. మేసింది, పోయింది.

డిసెంబర్ 7, శనివారం

మధ్యాహ్నం మూడున్నర. ఆడజింకలు మూడు, వాగు దాటి వరసగా. నా దగ్గర ఆడజింక లైసెన్సుంది. యాభై గజాలు ఉంటుందేమో. స్కోపు పొద్దున్నుంచీ రెండు మీదే ఉంది. రైఫిల్ భుజానికి వచ్చేసరికి మూడూ, వెనక చెట్లూ, ఎడమనున్న ఖాళీ, అంతా ఒకేసారి వృత్తంలో ఉన్నాయి. ముందుదాని వెనకేముందో కూడా కనిపించింది: మట్టి గట్టు. సుత్తి వెనక్కి లాగడం వినపడలేదు, ఆ ఇనప ముక్క పుణ్యం. ఒకటే గుండు. ఇరవై అడుగులు పరుగెత్తి పడిపోయింది.

తొమ్మిది మీద ఉంటే ఆ దూరానికి కనిపించేది ఏడడుగుల వెడల్పు. ఏ జింక ఒళ్లో తేల్చుకునేలోపు మూడూ గట్టెక్కేవి.

చెవికి ట్యాగు కట్టి, లాక్కురావడానికి పెద్దాయన్ని పిలిచాను. వచ్చి దూరం అడుగులేసి చూశాడు. ఏమీ అనలేదు గానీ బండి దగ్గర నా రైఫిల్ తీసుకుని రెండు మీదే పెట్టి వాగు వైపు కాసేపు చూశాడు. కోత షాపు దగ్గర పది బళ్ల వరస. పది రోజుల్లోపు గేమ్ కమిషన్‌కి రిపోర్టు పంపాలి, రేపే పంపేస్తాను. రింగుల స్క్రూలూ ఓసారి చూడాలి. ఇంటికి ఫోను చేస్తే, "తొడ ముక్కలు విడిగా కట్టించండి, మిగతాది ఖైమా కొట్టించండి. కొవ్వుండదు దానికి, వేపుడు చేస్తే చెక్కలా అవుతుంది" అంది.