పంచె ముక్క మీద పద్దుల కాగితం

నా పని బల్ల మీద ఇప్పుడు రెండే ఉన్నాయి. ఒకటి, ఎన్నో ఉతుకులకు మెత్తబడ్డ పాత నూలు పంచె ముక్క. రెండోది, మా తాతగారి కిరాణా కొట్టు పద్దుల పుస్తకంలోంచి ఊడిపోయిన పేజీ. ఇలా గుడ్డనూ కాగితాన్నీ కలిపి గోడకు తగిలించే బొమ్మలు చేయడం 20 ఏళ్లుగా నా వృత్తి.

‘ఈ రెంటికీ పొత్తెలా కుదురుతుందండీ?’ అని అడుగుతుంటారు. నిజానికి రెండూ ఒక తల్లి బిడ్డలే. 19వ శతాబ్దంలో చెక్క గుజ్జు వచ్చేదాకా యూరప్‌లో కాగితం పాత గుడ్డపీలికలతోనే తయారయ్యేది. జైపూర్ పక్కన సాంగనేర్‌లో ఇవాళ్టికీ బనియన్ గుడ్డ కత్తిరింపులను గుజ్జు చేసి కాగితం తీస్తున్నారు. జపాన్‌లోని షిరోయిషి వాళ్లు ఇంకో అడుగు వేశారు. కాగితాన్ని సన్నగా కోసి, పురిపెట్టి, ఆ దారంతో బట్ట నేశారు. దాన్ని షిఫు అంటారు.

చుట్టరికం ఉన్నా స్వభావాలు వేరు. తడిస్తే కాగితం సాగుతుంది, ఆరితే బిగుసుకుంటుంది. కొత్త గుడ్డ ఉతికేకొద్దీ కుంచించుకుపోతుంది. అందుకే నాకు పాత పంచెలే కావాలి, అవి కుంచించుకోవాల్సిందంతా ఎప్పుడో కుంచించుకున్నాయి. పల్చగా కాచిన మైదా జిగురును కుంచెతో గుడ్డకు రాసి, కాగితం పరిచి, నడుమ నుంచి అంచులకు గాలి తోసేస్తాను. పాత బైండర్ల పద్ధతిలో పురుగు పట్టకుండా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలుపుతాను. అది విషం, చేతికి తొడుగు లేకుండా ముట్టుకోను.

తొలి రోజుల్లో ఒక హోటల్‌కి పట్టుచీర అంచూ న్యూస్‌పేపరూ కలిపి పెద్ద తెర చేసిచ్చాను. తొందరలో సీసా జిగురు పూశాను. ఆ వానాకాలమే బుడగలు లేచాయి. తర్వాత న్యూస్‌పేపర్ పసుపెక్కి పెళుసైపోయింది. చెక్క గుజ్జులోని లిగ్నిన్ వెలుతురుకు అలాగే మారుతుంది. డబ్బు తిరిగిచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మళ్లీ న్యూస్‌పేపర్ జోలికి పోలేదు.

తాతగారి పేజీకి జిగురే పనికిరాదు. మూలన తడి దూది అద్ది చూశాను. ‘కందిపప్పు’లోని పావొత్తు నీలంగా పాకింది. సిరా రాత! ఇక కుట్టాల్సిందే. గుడ్డ మీద తప్పు కుట్టు విప్పేస్తే నాలుగు ఉతుకులకు చిల్లు మూసుకుంటుంది. కాగితం మీద పొడిచిన చిల్లు ఎప్పటికీ అలాగే ఉంటుంది. కుట్లు దగ్గరగా పడ్డాయా, పోస్టల్ స్టాంపుల షీటులా ఆ వరస వెంటే చిరుగుతుంది. అందుకే మిషన్ మీద పెట్టను. బియ్యపు గింజంత ఎడంతో ముందే సూదితో చిల్లులు పొడిచి, మా అమ్మమ్మ బొంతకు వేసే పెద్ద కుట్టే వేస్తాను. దారం లాగేటప్పుడు ఊపిరి బిగపడతాను. రోజుకు జానెడు సాగితే గొప్ప.

మీ ఇంట్లో పాత పద్దుల పుస్తకాలుంటే తూకానికి వేయకండి. ఉతికి బాగా ఆరబెట్టిన పాత నూలు పంచెలో చుట్టి, తేమ తగలని చోట పెట్టండి.