వాకిలి దాటితేనే భయం

బస్తర్‌లో మంచు గడ్డకట్టదు. కానీ జూన్ వచ్చిందంటే కాలు జారే కాలమే. ఇంటి ముందు జాగ్రత్త ఇంటివాళ్లు పడతారు. ఆ తర్వాతి దారి సంగతేమిటి?

భద్రాచలం దాటాక, శబరి నది పక్కన కుంట దగ్గర ఛత్తీస్‌గఢ్ మొదలవుతుంది. అక్కడి నుంచి సుక్మా మీదుగా జగ్దల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారికి ఇరుపక్కలా ఇప్ప, తునికి చెట్లు, వాటి మధ్యలోంచి ఊళ్లకు చీలిపోయే ఎర్రమట్టి బాటలు. వేసవిలో ఆ మట్టి ఇటుక పొడిలా కాళ్లకు అంటుకుంటుంది. జూన్‌లో రుతుపవనాలు తాకగానే అదే బాట సబ్బు రాసిన గచ్చులా మారుతుంది.

బస్తర్‌లో చలి లేదని కాదు. డిసెంబరు, జనవరి నెలల్లో జగ్దల్‌పూర్‌లో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు దిగుతుంది. ఊళ్లలో నెగళ్లు వెలుగుతాయి. అయితే ఇంటి ముందు నీళ్లు గడ్డకట్టి మనిషి జారిపడటం ఇక్కడ ఎరగరు. న్యూజెర్సీలోనో, షికాగోలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ భయం బాగా తెలుసు. మంచు కురుస్తుందని సూచన రాగానే అక్కడ ఇంటి ముందు కారు దారిపై ఉప్పు చల్లుతారు. ఉప్పు కరిగిన నీరు సున్నా డిగ్రీల వద్ద గడ్డకట్టదు, ఇంకా చల్లబడాలి. అందువల్ల మంచు నేలను గట్టిగా పట్టుకోదు, పారతో తీసేయడం తేలికవుతుంది. గడ్డకట్టాక చల్లితే ఉప్పూ ఎక్కువే, శ్రమా ఎక్కువే. కిటుకల్లా జారుడు రాకముందే పని ముగించడంలో ఉంది.

ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్ల వర్షం, అందులో అధిక భాగం నాలుగు నెలల్లోనే కురిసే బస్తర్‌కు ఈ కిటుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మే నెలలో ఇంటి కప్పు సర్దుకోవడంతోపాటు వాకిలి పని కూడా మొదలవుతుంది. గుంతల్లో మొరం పోసి దిమ్మిసతో కొడతారు. నీరు నిలవకుండా నేలను ఒకవైపుకు వాలుగా చేసి, చివర చిన్న కాలువ తీస్తారు. కాంగేర్ లోయ పరిసరాల్లో పలకలుగా చీలే రాయి దొరుకుతుంది. పెరటి కంచెగా నిలబెట్టే ఆ పలకలనే గుమ్మం ముందు పరుచుకుంటారు. ఆగస్టుకల్లా రాతిపై పాచి పడుతుంది. నీటి పొరను వదలకుండా పట్టి ఉంచే ఆ పాచి మంచుగడ్డకేమీ తీసిపోదు. చీపురుతో గీకడం, ఇసుకో పొయ్యి బూడిదో చల్లడం పల్లెల పద్ధతి. సిమెంటు వాకిళ్లున్న పట్టణాల్లో బ్లీచింగ్ పౌడర్ ఆ పని చేస్తుంది.

నేల మీద ఉప్పు చల్లడమన్న ఊహ మాత్రం ఇక్కడ పొసగదు. ఒకప్పుడు తూర్పు తీరం నుంచి లంబాడీలు ఎద్దుల మీద మోసుకొస్తే తప్ప బస్తర్‌కు ఉప్పు లేదు. సంతల్లో ఉప్పుకు బదులుగా అంతే తూకం సారపప్పు ఇచ్చి వెళ్లిన ఆదివాసుల కథ మధ్య భారత వ్యాపార దోపిడీకి నేటికీ ఉదాహరణగా నిలిచింది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడ్డాక ప్రభుత్వం రేషన్ దుకాణాల్లో అయోడిన్ ఉప్పును నామమాత్రపు ధరకు ఇవ్వడం మొదలుపెట్టింది. దోసిలి తెరిచి దారిన పోయడానికి కాదు, కూరలో వేసుకోవడానికి.

ఆ ఉప్పు తెచ్చుకోవాలన్నా వాకిలి దాటాలి. అసలు సమస్య అక్కడే మొదలవుతుంది. గుమ్మం నుంచి కాలువ దాకా ఇంటివాళ్లు సరిచేసుకున్న నేల, ఆ తర్వాత రోడ్డు దాకా ఎవరిదీ కాని బురద. వాగులు పొంగితే ఊళ్లకు ఊళ్లే తెగిపోతాయి. అంబులెన్సు రాలేని చోట రోగిని, గర్భిణిని మంచం మీదో కావడిలోనో మోసుకెళ్తారు. మోసేవాళ్లలో ఒకరి కాలు జారితే ఎముక విరిగేది ఒకరికే కాదు. ఈ సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. మారుమూల గ్రామాలకు వానాకాలపు బియ్యాన్ని ముందే చేరవేసే ఏర్పాటే అందుకు సాక్ష్యం. బియ్యం విషయంలో ఉన్న ముందుచూపు బాట విషయంలో లేకపోయింది.

బస్తర్‌లో రోడ్డంటే తారు, కంకరలతో తేలే వ్యవహారం కాదు. దశాబ్దాల పాటు మావోయిస్టులు రోడ్లను తవ్వేశారు, మందుపాతరలు పెట్టారు. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ వద్ద రోడ్డు పనులకు కాపలాగా వెళ్లిన 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు వారి దాడిలో చనిపోయారు. మరోవైపు, రోడ్డు వెంట క్యాంపు వస్తుందని, దాని వెనుక గని వస్తుందని ఆదివాసులకు అనుమానం. సిల్గేర్‌లో క్యాంపును వ్యతిరేకిస్తూ గుమిగూడిన వారిపై 2021 మే 17న జరిగిన కాల్పుల్లో ముగ్గురు మరణించారు. ఇక వేసిన రోడ్డు నాణ్యతను ప్రశ్నించడం కూడా ప్రమాదమే. బీజాపూర్ జిల్లాలో రోడ్డు పనుల అవినీతిని బయటపెట్టిన విలేకరి ముకేశ్ చంద్రాకర్ 2025 జనవరి 1న అదృశ్యమయ్యారు. రెండు రోజుల తర్వాత ఆయన మృతదేహం ఒక సెప్టిక్ ట్యాంకులో దొరికింది. ప్రధాన నిందితుడైన కాంట్రాక్టర్‌ను పోలీసులు హైదరాబాద్‌లో అరెస్టు చేశారు.

తవ్వినవారు, వేసినవారు, వేసినట్టు చూపినవారు అందరూ ఆ బాట గురించే కొట్లాడారు. దాని మీద నడవాల్సిన వాళ్లు ఏ మే నెలకు ఆ మే నెల తమ చేతిలో ఉన్నంత మేరకు చేసుకుంటూనే ఉన్నారు. వానలు దగ్గరపడ్డాయనగానే గంపలతో మొరం మోసుకొచ్చి గుమ్మం నుంచి పోసుకుంటూ వస్తారు. వాకిలి చివరి దాకా అది సరిపోతుంది. గంప అక్కడే ఆగిపోతుంది.