పాత వైరు కోయొద్దు

పాత కారులో కంపెనీ బిగించిన స్టీరియో తీసేసి బయటి సెట్టు పెట్టించుకోవడం చాలామందికి ఒక సరదా. నేను మాత్రం మా యాడి గొంతు వినడానికి పెట్టించుకున్నాను. మా గోర్‌బోలిలో యాడి అంటే అమ్మ. తీజ్ పాటలూ, పెళ్లికూతురు పుట్టిల్లు విడిచేటప్పుడు ఏడుస్తూ పాడే ఢావ్లో ఆమె పాడుతుంటే టేపురికార్డరులో పట్టాను. ఇప్పుడామె లేదు. క్యాసెట్లు పాడైపోకముందే ఆ పాటల్ని కంప్యూటర్లోకి, అక్కడినుంచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. నేను కొన్న సెకండ్ హ్యాండు కారులో ఉన్నదేమో క్యాసెట్టూ రేడియో మాత్రమే వినిపించే సెట్టు.

మాచర్లలో నా దగ్గర చదివిన తాండా కుర్రాడొకడు కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తున్నాడు. బండి వాడి దగ్గరికి తీసుకుపోయాను. ముందుగా బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పాడు. పాత సెట్టు లాగి, ఆ ఖాళీని కొలిచాడు. వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50. దీన్ని సింగిల్ డిన్ అంటారు. జర్మనీ ప్రమాణాల సంస్థ పేరు మీద వచ్చిన కొలత ఇది. ఎత్తు 100 ఉంటే డబుల్ డిన్.

సెట్టు ధర కాక కప్లర్‌కు వేరే డబ్బులన్నాడు. "వైర్లు కోసి కలిపితే ఆ ఖర్చు ఉండదుగా?" అని అడిగాను.

"కోస్తే మళ్లీ పాత సెట్టు పెట్టుకోలేం సార్. రేపు ఎక్కడ షార్టయిందో వెతకడం కూడా కష్టం. కప్లర్‌కి ఒకవైపు మీ బండి సాకెట్టు, రెండోవైపు కొత్త సెట్టు. మధ్యలో ఏ తీగకీ దెబ్బ తగలదు."

వైర్ల సంగతి కూడా చెప్పాడు. కొత్త సెట్టులో పసుపు తీగకు బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఉండాలి, గడియారం, స్టేషన్లు గుర్తుండేది దానివల్లే. ఎరుపు తాళం తిప్పినప్పుడు అందుకుంటుంది. నలుపు ఎర్త్. తెలుపు, బూడిద, ఆకుపచ్చ, వంగపండు రంగు జతలు నాలుగు స్పీకర్లకు.

"మీ బండి తీగల రంగులు వేరు సార్. రంగు చూసి కలిపితే ఫ్యూజు పోద్ది. ఏ తీగ ఏ పని చేస్తుందో చూసి కలపాలి."

ఆ మాట విన్నాక నాకు మా ఒకటో తరగతి కళ్లముందు మెదిలింది. తాండా పిల్ల పాణి అంటుంది. పుస్తకంలో నీళ్లు అని ఉంటుంది. రెండింటి పనీ దాహం తీర్చడమే. "అది తెలుగు కాదు, సరిగ్గా చెప్పు" అంటే ఆ పిల్ల మర్నాటి నుంచి నోరు తెరవదు. ఏడాది చివర రిజిస్టరులో వెనుకబడిన పిల్లగా మిగులుతుంది. తెలిసినదాని నుంచి తెలియనిదానికి వెళ్లాలని టీచర్ ట్రైనింగులో మనమంతా చదువుకున్నాం. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైనప్పుడు వాటిలో బంజారా కూడా ఉంది. అయినా తరగతి గదిలో తీగ కోయాలా, కప్లర్ పెట్టాలా అన్నది చివరికి ఉపాధ్యాయుడి చేతిలోనే ఉంటుంది.

నేను గోడమీద రెండు వరసలు రాస్తాను. పాణి, నీళ్లు. యాడి, అమ్మ. ఘర్, ఇల్లు. రెండూ తెలుగు లిపిలోనే. "తల్లిదండ్రులు ఇంగ్లీషు కావాలంటుంటే మీరింకా తాండా భాష పట్టుకుని ఉన్నారేం?" అని తోటి ఉపాధ్యాయులు అడుగుతారు. కప్లర్ పెట్టినందువల్ల పాట మోత తగ్గదు. అక్షరం పట్టుకున్న పిల్లకు ఆ తర్వాత ఇంగ్లీషూ అందుతుంది.

ఒక బండి కప్లర్ ఇంకో బండికి పట్టదన్నదీ నిజమే. ఎరుకల పిల్లలకు వాళ్ల భాష ఉంది. చెంచు పిల్లలు తెలుగే మాట్లాడినా వాళ్ల పలుకు వేరు. ఆ మాటలు రాని ఉపాధ్యాయుడు పిల్లల అవ్వను బడికి పిలిచి కూర్చోబెట్టుకోవాలి.

ఈ మధ్య మా బడి పిల్లల్ని ఆటల పోటీలకు కారులో తీసుకెళ్తూ ఆ ఢావ్లో పెట్టాను. ఐదో తరగతి అమ్మాయి ఒక మాటకు అర్థం అడిగింది. నాకూ తెలియలేదు. తిరిగొచ్చాక తాండాలో అడిగితే చెప్పగలిగినవాళ్లు ఇద్దరే తేలారు, ఇద్దరూ ముసలివాళ్లే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ చేతిలో ఫోనుంది. ఈ సెలవుల్లో మీ ఇంటి పెద్దల దగ్గర కూర్చుని పాట రికార్డు చేయండి. ఎవరు పాడారో, ఏ సందర్భంలో పాడతారో, కష్టమైన మాటకు అర్థమేమిటో వాళ్ల నోటితోనే చెప్పించండి. ఒక్క ఫోనులోనే ఉంచకుండా ఇంకో రెండు చోట్ల దాచండి. కారులో వినాలంటే ఎమ్‌పీ3గా మార్చి, ఫ్యాట్32 ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో పెట్టండి, చాలా సెట్లు చదువుతాయి. మా తాండాలో ఆ ఇద్దరి దగ్గరికీ పిల్లలు వెళ్లడం మొదలుపెట్టారు.