ఒసాకాలో ఒక గిన్నె కసు ఉదోన్



2023 నవంబరులో కంపెనీ శిక్షణ కోసం మూడు వారాలు జపానులోని ఒసాకాలో ఉన్నాను. సెలవు రోజుల్లో చూసినవీ, తిన్నవీ మన సంచిక ద్వారా మీతో పంచుకుంటున్నాను.

తిండి కోసం దివాలా తీయడానికైనా వెనుకాడని ఊరని ఒసాకాకు పేరు. దోతోంబొరి కాలువ పక్క వీధిలో సాయంత్రమైతే ఇసుక వేస్తే రాలనంత జనం. అక్కడ తకోయాకి తిన్నాను. మన గుంట పొంగణాల పెనం లాంటి దానిలో పిండి పోసి, ఆక్టోపస్ ముక్క వేసి, పుల్లతో తిప్పుతూ ఉండల్లా కాలుస్తారు. లోపలి వేడికి నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

ఒక ఆదివారం నారా వెళ్ళి తోదాయిజి ఆలయంలో సుమారు 15 మీటర్ల ఎత్తున్న కంచు బుద్ధుణ్ణి చూశాను. బయట పార్కులో వెయ్యికి పైగా జింకలు స్వేచ్ఛగా తిరుగుతాయి. బిస్కెట్టు చూపిస్తే తల వంచి దండం పెట్టినట్టు చేస్తాయి.

కానీ నా మనసులో నిలిచిపోయింది కసు ఉదోన్. మాకు పని నేర్పిన పెద్దాయన ఒక చిన్న హోటలుకు తీసుకెళ్ళి తినిపించాడు. ఉదోన్ అంటే లావుపాటి గోధుమ సేమ్యా. వేడి వేడి చారులో దాన్ని వేసి, పైన అబురకసు ముక్కలు వేస్తారు. పశువు పేగులను వాటి కొవ్వులోనే కరకరలాడేదాకా వేయిస్తే వచ్చేదే అబురకసు. అది చాలా రోజులు నిలవ ఉంటుంది. ‘కసు’ అంటే వాళ్ళ భాషలో పిప్పి అట. నాకు మాత్రం మన ‘కసువు’ గుర్తొచ్చింది. రుచి అచ్చం మన బోటి కూర!

ఆ వంట ఎవరిదని అడిగాను. కవాచి ప్రాంతంలోని బురాకు వాడలదని చెప్పాడు. జపానులో క్రీ.శ. 675లోనే తెన్ము చక్రవర్తి కొన్ని జంతువుల మాంసం తినరాదని ఆజ్ఞ ఇచ్చాడు. తర్వాతి కాలంలో పశువులను కోసేవాళ్ళను, తోలు పని చేసేవాళ్ళను మైల మనుషులని దూరంగా ఉంచారు. వాళ్ళ వారసులే బురాకు ప్రజలు. 1871లో ప్రభుత్వం ఆ అంతరాన్ని రద్దు చేసింది. అయినా పెళ్ళిళ్ళలో, ఉద్యోగాల్లో వివక్ష పోలేదు. 2016లో కూడా దానిపై ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది.

మరుసటి వారం క్యోటో వెళ్ళాను. ఒసాకా నుంచి రైల్లో అరగంట ప్రయాణం. అందరూ హెయాన్ మందిరం ముందు ఎర్రటి మహాద్వారం దగ్గర ఫొటోలు దిగుతున్నారు. ఆ ఒకాజాకి ప్రాంతంలోనే 1922 మార్చి 3న బురాకు ప్రజలు సభ జరిపి ‘సుయిహేషా’ అనే సమతా సంఘం పెట్టుకున్నారు. దానికి గుర్తుగా అక్కడ ఒక రాయి ఉంది. బాబాసాహెబ్ మహద్ చెరువు నీళ్ళు తాగింది 1927లో. ఒకరి భాష ఒకరికి తెలియని రెండు దేశాల్లో, ఐదేళ్ళ తేడాతో, మనుషులు ఒకే మాట అన్నారు. ఆ రాయి ముందు చాలాసేపు నిలబడ్డాను.

బడిలో ‘మీ ఇంట్లో ఏం కూర?’ అనే ప్రశ్న ఎంత బరువైనదో మన హాస్టల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు వాడ దాటని ఆ పేగుల వంటకు ఇప్పుడు ఒసాకా నగరంలో బోర్డులు పెట్టిన హోటళ్ళున్నాయి. టై కట్టుకున్న ఉద్యోగులు వరుసలో నిలబడి తింటున్నారు. అలాగని వివక్ష పోయిందని కాదు. కానీ కూరకు మైల లేదని ఆ వరుస చూస్తే తెలుస్తుంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! బాగా చదవండి, దేశాలు చూడండి. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మాత్రం, తునకలు ఎలా కోసి, ఎన్నాళ్ళు ఎండబెట్టేవారో నానమ్మను అడిగి రాసుకోండి. వచ్చే సంచికలో అది చదవాలని నా కోరిక.