తండ్రి చెప్పవలసిన మాట

బిడ్డకు నడక నేర్పునపుడు తండ్రి చేయి పట్టుకొనును. అక్షరములు నేర్పునపుడు ప్రక్కను గూర్చుండును. ఇవి యెల్ల దేశముల తండ్రులకును సంతోషకార్యములే. కాని అమెరికాలోని నల్లజాతి తండ్రి వీనితోపాటు మఱియొక పాఠమును గూడ జెప్పవలసి యున్నది. అది చెప్పుటకు నోరాడదు; చెప్పక మానినచో బిడ్డ ప్రాణమునకే మోసము.

ఆ పాఠ మెట్టిదనగా: రక్షకభటు డాపినచో పరుగెత్తరాదు, చేతులు కనబడునట్లుంచవలెను, జేబులో చేయి పెట్టరాదు, తన తప్పు లేకున్నను మెల్లగా బదులు చెప్పవలెను. 2014వ సంవత్సరమున క్లీవ్‌లాండు నగరమందలి యొక యుద్యానములో బొమ్మతుపాకి తనయొద్ద నున్న 12 ఏండ్ల టామిర్ రైసు పోలీసుకాల్పులకు బలియయ్యెను. ఆ వార్త యెఱిగిన తండ్రి యీ పాఠమును రేపటికి వాయిదా వేయగలడా?

అయినను భయ మొక్కటియే నేర్పినచో బిడ్డ బ్రతుకునే గాని తలయెత్తి బ్రతుకడు. కష్టమంతయు నిందే యున్నది. మార్టిన్ లూథర్ కింగు చిన్నతనమున తండ్రితో గూడ అట్లాంటాలో నొక చెప్పుల దుకాణమునకు బోయెను. ముందుకుర్చీలు విడిచి వెనుకకు బొమ్మని దుకాణమువాడు చెప్పగా, తండ్రి జోళ్లు కొనకయే కుమారుని చేయి పట్టుకొని వెలుపలికి నడచెను. ఆ నడకయే యొక పాఠము. ఆ కుమారుడే తండ్రియైన పిమ్మట, 1963లో బర్మింగుహాము చెఱసాలనుండి వ్రాసిన లేఖలో, తాను టెలివిజనులో జూచిన వినోదవనమునకు ఏల పోరాదని 6 ఏండ్ల కూతు రడిగినపుడు తండ్రి మాట తడబడుటను గూర్చి చెప్పుకొనెను.

ఈ సంగతి మేమింట చదివి వినిపించుచుండగా మా పిల్లవాడు, "నాన్నగారూ, తాతగారు మీకేమి చెప్పిరి?" అని యడిగెను. మాకు వెంటనే బదులు తోచలేదు. మా చిన్నతనమున పెరటివాకిట పాలేరు దోసిలిపట్టి నిలువగా, మా యింటివారు పైనుండి నీళ్లు పోయుట మేము నిత్యము చూచినదే. మా తండ్రిగారు సజ్జనులు. అయినను దానిగూర్చి యొక్క మాటయు జెప్పలేదు. చెప్పవలసిన యగత్యము వారికి లేకపోయెను. ఆ పాలేరు తన కొడుకునకు ఏమి చెప్పుకొనెనో మే మెన్నడును అడుగలేదు.

ఆపదలోనున్న తండ్రికి మాటాడక తప్పదు. ఆపద లేని తండ్రి మౌనము వహింపవచ్చును. కాని బిడ్డలు మౌనమునుండియు నేర్చుకొందురు. కావున నా రాత్రి మేము ఆ దోసిలి సంగతి దాచక చెప్పితిమి. మావాడు కొంతసే పూరకుండి, "ఆయన పేరేమి?" అనెను. మాకు జ్ఞాపకము రాలేదు, సిగ్గుపడితిమి. అట్టి సిగ్గు కలిగినను సరే, బిడ్డలకు జెప్పవలసిన మాట చెప్పుటయే మేలు.