పెన్న ఒడ్డు నుంచి వలిసె చేల దాకా

గండికోట, మధ్యాహ్నం

అన్నయ్యా,

నెల్లూరులో ఇసుక మేటల మధ్య మనం చూసే పెన్న, ఇక్కడ ఎర్రమల కొండను నిలువునా కోసుకుంటూ పోతోంది. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు వచ్చి, కోటలో మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం దాటి రాళ్ల మీదుగా నడిస్తే నేల ఒక్కసారిగా ఆగిపోతుంది. కింద నీళ్లు, ఎదురుగా పలకలు పలకలుగా ఎర్రరాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ రాతికి ఈ ఊరి పేరే పెట్టుకున్నారు: గండికోట క్వార్ట్‌జైట్.

కొత్త కెమెరాలో ఏ సెట్టింగులు పెట్టాలని అడిగావు. అవి చివర్లో చూసుకునే సంగతి. ఎక్కడ నిలబడతాం, ఆ వేళకి వెలుగు ఎటు నుంచి వస్తుంది, ఈ రెండూ ముందు తేల్చుకోవాలి. అందుకే ఈ పూట కెమెరా సంచిలోనే ఉంచి అంచు వెంట తిరిగాను. ఫొటోకి పనికిరాని ఎండ ఇలా తిరగడానికి బాగా పనికొస్తుంది.

పెన్న ఎన్ని మలుపులు తిరిగినా మొత్తం మీద తూర్పుకే పోతుంది. కోట దక్షిణపు ఒడ్డున ఉంది. డిసెంబరులో సూర్యుడు సరిగ్గా తూర్పున లేవడు. ఇక్కడ దాదాపు 24 డిగ్రీలు దక్షిణానికి జరిగి లేస్తాడు, అంతే జరిగి అస్తమిస్తాడు. కాబట్టి చలికాలంలో ఎండంతా ఎదుటి గోడదే, మన వైపు గోడ నీడలో ఉంటుంది. నడి మధ్యాహ్నం ఆ ఎదుటి గోడ చదునుగా, వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. పొద్దు వాలాక ఎండ పక్క నుంచి రాసుకుంటూ వచ్చినప్పుడు ప్రతి పలక కిందా సన్నని నీడ పడి, రాతి పొరలు విడివిడిగా తేలతాయి. నేను వచ్చింది ఆ కాసేపటి కోసమే.

దిక్కుల లెక్క ఫొటోపిల్స్ లాంటి యాప్‌లో ఇంట్లోనే చూసుకోవచ్చు. ఏ బండ మీద నిలబడితే ఏ పొద అడ్డొస్తుందో మాత్రం కాళ్లతో తిరిగి తెలుసుకోవాల్సిందే. పైగా అంచున చాలాచోట్ల కంచె లేదు, చీకట్లో వెతుక్కునే చోటు కాదిది. నిలబడే బండా, తిరిగెళ్లే దారీ వెలుతురులోనే చూసిపెట్టుకున్నాను. ఈ మాట వదినకూ చెప్పు, కంగారు పడకుండా ఉంటుంది.

అదే రోజు, రాత్రి

అనుకున్న ఎండ రాలేదు, పడమట మబ్బు పట్టింది. జనం జీపులెక్కి వెళ్లిపోయారు. సూర్యుడు దిగిపోయాక మబ్బుల అడుగు ఎర్రబడింది, ఆ ఎరుపు లోయలో నీళ్లమీదికి దిగింది. ట్రైపాడ్ అప్పటికే నిలబెట్టి ఉంది. ఐఎస్ఓ 100, ఎఫ్ 11, రెండు సెకన్ల టైమరు. ఎఫ్ 16 దాటితే డిఫ్రాక్షన్ వల్ల రాతి గరుకుతనం మెత్తబడుతుంది, అందుకే 11 దగ్గరే ఆగాను. ఇక మిగిలింది షట్టర్ వేగం ఒక్కటే, వెలుగు తగ్గుతున్నకొద్దీ దాన్ని తగ్గించుకుంటూ పోయాను.

ఆన్సెల్ ఆడమ్స్ తీసిన హెర్నాండెజ్ చంద్రోదయం ఫొటో నీకు చూపించాను, గుర్తుందా? న్యూ మెక్సికోలో కారులో పోతూ ఆ దృశ్యం చూసి ఆపాడు. లైట్ మీటరు కనపడలేదు. చంద్రుడి వెలుగు ఎంతో ఆయనకు తెలుసు, దాన్నిబట్టి లెక్కకట్టి ఫిల్ము మీద పడేశాడు. రెండోది తీసేలోపే సమాధుల శిలువల మీది ఎండ పోయింది. తేదీ కూడా ఆయన రాసుకోలేదు. చంద్రుడున్న చోటుని బట్టి ఖగోళ లెక్కలు వేసి, 1941 నవంబరు 1 అని తర్వాత తేల్చారు. దాన్ని అదృష్టమనేవాళ్లున్నారు. నాకు మాత్రం అందులో ఏళ్ల సాధన కనిపిస్తుంది.

పాడేరు

అన్నయ్యా,

విశాఖ దాకా రైలు, అక్కణ్ణుంచి ఘాట్ రోడ్డు. తెల్లవారకముందే వంజంగి కొండెక్కాం. ఇక్కడి మేఘసముద్రం అంటే లోయల్లో నిలిచిన పొగమంచు. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి లేని రాత్రి, నేల వేడి కోల్పోయి చల్లబడుతుంది. బరువెక్కిన చల్లగాలి వాలు వెంట జారి లోయలో చేరుతుంది. అక్కడ తేమ ఉంటే మంచు పడుతుంది. కాబట్టి నువ్వొచ్చేటప్పుడు చలి ఎంతని కాదు, రాత్రి మబ్బూ గాలీ ఉన్నాయేమో చూసుకో.

తెల్లని మంచుని కెమెరా మీటరు బూడిదరంగుగా లెక్కేసి ఫొటోని మసకబారుస్తుంది. ఎక్స్‌పోజరు ఒక స్టాప్ దాకా పెంచు, కానీ హిస్టోగ్రామ్ కుడి అంచుకి కొట్టుకోకుండా చూసుకో. అందరూ వైడ్ లెన్సులే బిగించారు. వాటితో తీస్తే కొండలు చిన్నవైపోతాయి, సగం ఫొటో వట్టి ఆకాశమే. నేను 70-200 పెట్టి దూరపు కొండల్ని ఒకదాని వెనక ఒకటి దగ్గరికి లాగాను. సూర్యోదయం అవగానే చాలామంది దిగిపోయారు. ఆ తర్వాత ఎండకి మంచు కదిలి, చీలి, మధ్యలోంచి చెట్ల తలలు బయటపడ్డాయి. ఈ యాత్రలో నాకు బాగా నచ్చిన ఫొటో అప్పుడు తీసిందే.

దారి పొడుగునా నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు. నిజంగా బాధేసింది. ఆ కొండ కింద కాఫీ తోటలు పెంచుకునే ఆదివాసీల ఇళ్లున్నాయి, మనం పారేసింది వాళ్ల వాగుల్లోకే పోతుంది. ఫొటో కోసం వచ్చినవాళ్లు తెచ్చింది తిరిగి మోసుకెళ్లాలి, ఇందులో రెండో మాట లేదు.

అరకు

చిన్న ఉత్తరం, రైలుకి టైమవుతోంది. వలిసె పూలు ఇంకా ఉన్నాయి. లోయంతా పసుపు. అవి చూసిపోయేవాళ్లకి పూలు, రైతుకి నూనెగింజల పంట. చేను మధ్యలోకి దిగి నిలబడితే ఆ మొక్కలు మళ్లీ లేవవు. చేను గల ఆమెని అడిగితే గట్టు చూపించింది, డబ్బు కొంత తీసుకుంది, అది న్యాయమే. గట్టు మీదే మోకాళ్ల ఎత్తున ట్రైపాడ్ వేసి, పూలు ముందుకీ కొండలు వెనక్కీ వచ్చేలా తీశాను. సూర్యుడికి అడ్డంగా, తొంభై డిగ్రీల వైపు తిరిగితే పోలరైజర్ ఆకాశాన్ని బాగా ముదురు చేస్తుంది. ఆకుల మీది మెరుపు కూడా తగ్గిస్తుంది.

నువ్వు సంక్రాంతి దాటాక బయల్దేరేట్టయితే వలిసె కోసేసి ఉంటారు, అరకు కోసమని రావొద్దు. నేరుగా పాడేరు వచ్చెయ్, రెండు రాత్రులైనా ఉండేలా చూసుకో. ఒక్క పొద్దున్నే నమ్ముకుంటే మంచు పడకపోవచ్చు. స్వెటరూ, లెన్స్ తుడిచే గుడ్డా మర్చిపోకు.

నీ చెల్లెలు